బొమ్మలు కొని అమ్మే మన తెలుగు వాళ్లకు ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో, అటు డల్లాస్, న్యూజెర్సీల్లో ఈ మధ్య పెయింటింగులు కొనడం మొదలుపెట్టిన మీ అందరికీ నమస్కారం. కొత్త ఇంట్లో హాలు గోడ బోసిగా ఉందని కొన్నవాళ్లు మీలో కొందరు. షేర్లూ అపార్ట్‌మెంట్లూ అయిపోయాయి, ఇంక దేంట్లో పెడదాం అని ఇటు వచ్చినవాళ్లు ఇంకొందరు. గోడ కోసం కొన్నవాళ్లతో నాకే పేచీ లేదు, హాయిగా చూసుకోండి. ఈ ఉత్తరం రెండో రకం వాళ్లకి. "కుర్ర ఆర్టిస్టు ఎవరైనా ఉంటే చెప్పండి, ఇప్పుడు చవగ్గా కొని పడేస్తే రెండు మూడేళ్లలో పదింతలు అవ్వాలి" అని అడిగేవాళ్లకి.

అలా అడుగుతూ మీరు చెప్పే ఉదాహరణల్లో ఒక పేరు ఉంటోంది, ఘానా చిత్రకారుడు అమోవాకో బోఆఫో. ఇరవై రెండు వేల డాలర్ల బొమ్మ ఏడాది తిరక్కుండా దాదాపు తొమ్మిది లక్షలైందట కదా, అంటారు. నిజమే, అయింది. ఆ తొమ్మిది లక్షలు ఎవరి జేబులోకి వెళ్లాయో మాత్రం మీరెవరూ అడగలేదు. అందుకని ఆ కథ మొదటినుంచీ చెప్తాను, కాస్త ఓపిగ్గా వినండి.

బోఆఫో 1984లో అక్రాలో పుట్టాడు. ఘానా రాజధాని అది, అట్లాంటిక్ ఒడ్డున ఉంటుంది. నాన్న చేపలు పట్టేవాడు, కొడుకు చిన్నగా ఉండగానే పోయాడు. అమ్మ ఇళ్లలో వంటపనీ పాచిపనీ చేసి పెంచింది. బొమ్మలు వేసే పిచ్చి ముందునుంచీ ఉన్నా అది కూడు పెడుతుందని నమ్మే పరిస్థితి ఆ ఇంట్లో లేదు, ఏ ఇంట్లో మాత్రం ఉంటుంది లెండి. కుర్రాడు టెన్నిస్ బాగా ఆడేవాడు, దాని మీదే నాలుగు డబ్బులు సంపాదించుకునేవాడు. అమ్మ పనిచేసే ఇంటాయన ఫీజు తాను కడతానంటే అక్రాలోనే ఘనట్టా అనే ఆర్ట్ కాలేజీలో చేరాడు. 2008లో చదువు ముగిసేసరికి ఆ ఏటి ఉత్తమ పోర్ట్రెయిట్ (మనిషి రూపచిత్రం) చిత్రకారుడని బహుమతి తెచ్చుకున్నాడు. ఈ మొత్తం కథలో, నాకు తిరిగి ఎంత వస్తుంది అని లెక్క వేసుకోకుండా డబ్బు పెట్టిన మొదటి మనిషి ఆ ఫీజు కట్టినాయన. మీరు తరచూ చెప్పే "ఎర్లీ ఇన్వెస్టర్" అనే మాట ఎవరికైనా వాడాలంటే ఆయనకే వాడాలి.

తర్వాత వియన్నా వెళ్లాడు. అక్కడ సునందా మెస్కీటా అనే ఆర్టిస్టుతో కలిసి 2013లో "వీ డే" అని ఒక చోటు పెట్టాడు, నల్లజాతి వాళ్లూ ఇతర తెల్లేతరులూ తమ పని చూపించుకోవడానికి. గ్యాలరీలు తలుపు తీయకపోతే మనమే ఒక గది తీసుకుందాం అన్న పద్ధతి. అక్కడి ఫైన్ ఆర్ట్స్ అకాడమీలో పీజీ కూడా చేశాడు. వియన్నా అంటే క్లిమ్ట్, షీలే అనే పాతతరం పెద్ద చిత్రకారుల ఊరు. ముఖ్యంగా ఎగాన్ షీలే ఇతన్ని పట్టుకున్నాడు. ఆ మెలికలు తిరిగిన చేతులు, ఎరుపూ పచ్చా నీలం కలిసి దెబ్బ తగిలినట్టుండే చర్మం, మొహమాటం లేకుండా మన కళ్లలోకి చూసే మనుషులు. అదంతా చూసి ఇతను చేసిన పని ఏమిటంటే, ఆ చూపునీ ఆ ధైర్యాన్నీ తీసుకెళ్లి తన స్నేహితుల మీద, అక్రాలో తను పెరిగినచోట కనిపించే మనుషుల మీద, యూరప్‌లో ఉంటున్న ఆఫ్రికా వాళ్ల మీద పెట్టాడు.

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే మీరు రేటు తప్ప బొమ్మ చూడలేదని నాకు అనుమానం.

బోఆఫో బొమ్మలో బట్టలూ వెనక రంగూ కుంచెతో వేస్తాడు. వెనక చాలాసార్లు ఒకటే రంగు ఉంటుంది, పసుపో, లేత ఆకుపచ్చో, తెలుపో, ఎక్కడా ఏ వివరమూ ఉండదు. బట్టల మీద పూలూ చారలూ కావాలంటే కొన్నిసార్లు గిఫ్టులకి చుట్టే కాగితం మీది డిజైన్‌ని కాన్వాస్ మీదికి అచ్చు దింపుతాడు. మొహం, మెడ, చేతులు, కాళ్ల దగ్గరికి వచ్చేసరికి కుంచె పక్కన పెట్టేస్తాడు. ఒంటి రంగంతా వేళ్లతోనే. గోధుమరంగు, నలుపు, మధ్యలో నీలం, అక్కడక్కడా ఎరుపు, అన్నీ ఒకదాని మీదుగా ఒకటి మెలికలు పోతాయి. రంగు పూర్తిగా కలిసిపోదు, వేలు ఎటు నుంచి ఎటు పోయిందో మనకి తెలుస్తూనే ఉంటుంది. దూరం నుంచి చూస్తే నిగనిగలాడే నల్లటి చెంప. దగ్గరికి వెళ్తే అక్కడ చెంప ఉండదు, రంగు తిరిగిన దారులుంటాయి. వేలికి కుంచె అంత అదుపు ఉండదు, గీత కాస్త అటూ ఇటూ పోతుంది, అతనికి కావాల్సింది ఆ పోవడమే. ఫోన్ తెరమీద ఇదేమీ పెద్దగా తెలియదు. మీరు ఫోన్లో చూసే కొంటున్నారని కూడా నాకు తెలుసు.

మన తోట వైకుంఠం గారి బొమ్మలు చూసినవాళ్లకి ఇందులో ఒక సంగతి వెంటనే అందుతుంది. ఆయన తెలంగాణ పల్లె ఆడవాళ్లని నల్లటి ఒళ్లు, పెద్ద ఎర్రబొట్టు, ముదురు రంగు చీరలతో వేస్తారు. ఆయన పద్ధతి వేరు, గీత వేరు, ఎవరినీ ఎవరితోనూ పోల్చడం లేదు. కానీ పెళ్లి ప్రకటనలో "తెల్లని" అన్న మాట లేకుండా రాయలేని జాతి మనది. నల్లటి ఒంటిని అంత నిండుగా, ఎవరి అనుమతీ అక్కర్లేనట్టు ఒక పెద్ద కాన్వాస్ మీద కూర్చోబెట్టడం అంటే ఏమిటో మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పోర్ట్రెయిట్ అనేది శతాబ్దాలపాటు రాజులకీ, దొరలకీ, డబ్బున్నవాళ్లకీ వేసినది. ఇతను తనవాళ్లకి వేస్తున్నాడు. అమ్మ ఇళ్లలో పనిచేసిన కుర్రాడు వేస్తున్నాడు.

సరే, డబ్బు దగ్గరికి వద్దాం. మీరు ఎదురుచూస్తున్నదీ అదే.

2018లో కెహిండే వైలీ, అంటే ఒబామా అధికారిక చిత్రం వేసిన ఆర్టిస్టు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఇతని బొమ్మలు చూసి తనకు తెలిసిన గ్యాలరీలకి చెప్పాడు. 2019 జనవరిలో లాస్ ఏంజిలెస్‌లో షో జరిగింది, బొమ్మలన్నీ అమ్ముడుపోయాయి. అదే ఏడాది చివర మయామీలో కొత్తగా తెరిచిన రూబెల్ మ్యూజియంకి ఇతనే మొదటి రెసిడెంట్ ఆర్టిస్టు, అంటే కొన్నాళ్లు అక్కడే ఉండి బొమ్మలు వేసే మనిషి. ఇదంతా జరుగుతుండగా లాస్ ఏంజిలెస్ కలెక్టర్ ఒకాయన నిమ్మకాయల డిజైన్ ఉన్న స్విమ్‌సూట్ వేసుకున్న యువతి బొమ్మ ఒకటి 22,500 డాలర్లకి కొన్నాడు. 2020 ఫిబ్రవరిలో దాన్ని లండన్‌లో ఫిలిప్స్ అనే వేలం సంస్థ దగ్గర అమ్మకానికి పెట్టాడు. 30 నుంచి 50 వేల పౌండ్లు పలుకుతుందని అంచనా వేశారు. 6,75,000 పౌండ్లకి పోయింది.

ఆ బొమ్మ అలా వేలానికి వెళ్లడం బోఆఫోకి ఇష్టం లేదు. దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి ఇంకొకరితో ఒప్పందం చేసుకుని వేలంలో పాడించాడని తర్వాత బ్లూమ్‌బర్గ్ వార్తాసంస్థ రాసింది. ఒక్కసారి ఆలోచించండి. తన వేళ్లతో వేసిన బొమ్మ, ఏడాది కూడా గడవని బొమ్మ, దాని కోసం తనే మనిషిని పెట్టి పాడించుకోవాల్సి రావడం. 2021 డిసెంబర్‌లో హాంకాంగ్‌లో క్రిస్టీస్ అనే సంస్థ వేలంలో 2018 నాటి ఇంకో బొమ్మ 34 లక్షల డాలర్లు పలికింది. హాంకాంగ్‌లో మళ్లీ అమ్మిన బొమ్మ మీద వేసినవాడికి వాటా ఇవ్వాలన్న చట్టమే లేదు. అమెరికాలోనూ లేదు. కాలిఫోర్నియా 1976లో ఒకటి చేసుకుంటే 2018 నాటికి కోర్టు దాన్ని దాదాపు చచ్చిపోయినట్టే చేసింది. బ్రిటన్‌లో ఉంది గానీ, ఎంతకి అమ్ముడుపోయినా గరిష్ఠం 12,500 పౌండ్లే, అదీ ఆ హక్కుని ఇటూ అటూ గుర్తించుకున్న దేశాల వాళ్లకే. అంటే మీరు "బోఆఫో లక్షల డాలర్లు సంపాదించాడు" అని చెప్పుకునే ఆ వేలాల్లో అసలు డబ్బు అమ్మినవాడికీ, కమీషన్ వేలం సంస్థకీ పోయింది.

మీరు చేయాలనుకుంటున్నదీ ఇదే కదా. శంషాబాద్ దగ్గర ప్లాట్ కొని, పక్కన రోడ్డు పడిందని తెలియగానే అమ్మేసినట్టు. కాకపోతే ప్లాట్ అమ్మేశాక ఆ మట్టికి బాధ లేదు. ఆర్టిస్టు బతికే ఉన్నాడు, రేపు పొద్దున లేచి ఇంకో బొమ్మ వేయాలి, దానికో రేటు చెప్పాలి.

ఆ రేటు ఎలా నడుస్తుందో మీలో చాలామందికి తెలియదనుకుంటా, లేదా తెలిసి పట్టించుకోరేమో. కొత్త ఆర్టిస్టు బొమ్మకి గ్యాలరీ ఒక ధర పెడుతుంది, వచ్చినదాంట్లో మామూలుగా చెరిసగం. షోకీ షోకీ మధ్య కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతుంది, ఎప్పుడూ తగ్గించదు, ఎందుకంటే తగ్గిస్తే ముందు కొన్నవాళ్లు మొహం తిప్పుకుంటారు. వేలంలో రేటు అలా ఉండదు. ఆ రోజు హాల్లో ఇద్దరు పంతం పట్టారా, అంతే, ఆకాశానికి వెళ్తుంది. అది అందరికీ కనిపిస్తుంది, ఇంటర్నెట్‌లో శాశ్వతంగా ఉంటుంది. దాంతో ముందే కొన్నవాళ్లందరూ గోడమీది బొమ్మలు దించి ఒకేసారి అమ్మకానికి తెస్తారు. సరుకు ఎక్కువైపోతుంది, ఒకరోజు ఒక బొమ్మ ఎవరూ పాడక మిగిలిపోతుంది. అది కూడా అందరికీ కనిపిస్తుంది. మర్నాటి నుంచి గ్యాలరీలో ఫోన్ మోగదు.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. బోఆఫో రేట్లు విన్నాక కొనేవాళ్లు అక్రా మీద పడ్డారు. ఓటిస్ క్వామే క్యే క్వైకూ, క్వేసీ బోచ్వే లాంటివాళ్లు, వాళ్లూ ఘనట్టాలో చదివినవాళ్లే, మంచి చిత్రకారులు, వాళ్ల పేర్లూ ప్రపంచానికి తెలిశాయి. అది మంచిదే. కానీ అదే ఊపులో ఇంకా చెయ్యి తిరగని కుర్రవాళ్ల దగ్గర కూడా తడి ఆరని కాన్వాసులు పట్టుకుపోయారు. 2021లో లక్ష డాలర్లు దాటిన యువ చిత్రకారుల బొమ్మలు కొన్ని 2024 వచ్చేసరికి పదివేల దగ్గరికి దిగిపోయాయి. ఇది ఆఫ్రికా వాళ్లకి మాత్రమే జరగలేదు, అమెరికా కుర్రాళ్లకీ జరిగింది. బోఆఫో తట్టుకున్నాడు. అతనికి వెనక పెద్ద గ్యాలరీలు ఉన్నాయి, మ్యూజియంలు ఉన్నాయి, పేరు ఉంది. తట్టుకోలేనివాళ్ల పేర్లు మీరు చెప్పే ఉదాహరణల్లో ఉండవు.

మీలో ఒకాయన నన్ను ఒక మాట అడిగాడు, న్యాయమైన ప్రశ్నే. "మళ్లీ అమ్మితే లాభంలో ఆర్టిస్టుకి వాటా ఇమ్మంటున్నావు, రేటు పడిపోతే నష్టంలో ఆర్టిస్టు వాటా పంచుకుంటాడా?" అని. పంచుకుంటాడండీ. మీకంటే ఎక్కువే. మీకు పోయేది ఆ ఒక్క బొమ్మ మీద పెట్టిన డబ్బు. అతనికి పోయేది ఇకముందు వేయబోయే బొమ్మలన్నిటి ధర.

ఇంకో మాట కూడా అంటారు, "నా డబ్బు పెట్టి కొన్నాను, ఎప్పుడైనా అమ్ముకుంటాను, నా హక్కు". హక్కే, ఎవరు కాదన్నారు. పిల్లల చదువుకో, ఆస్పత్రి ఖర్చుకో అమ్ముకోవాల్సి వస్తే నేను నోరెత్తను. అయితే హక్కుల మాట వచ్చింది కాబట్టి మన చట్టం కూడా ఒకసారి చూడండి. భారత కాపీరైట్ చట్టంలో 53ఎ అని ఒక సెక్షన్ ఉంది, 1994 సవరణలో పెట్టారు. పెయింటింగో, శిల్పమో, డ్రాయింగో, అసలు ప్రతిని పదివేల రూపాయలకి మించి మళ్లీ అమ్మితే ఆ ధరలో ఆర్టిస్టుకి వాటా రావాలని, అది పది శాతానికి మించకూడదని అందులో ఉంది. బ్రిటన్ కంటే, చాలా దేశాల కంటే ఉదారమైన సెక్షన్ అది, చదివితే గర్వంగా ఉంటుంది. ఇప్పుడు మీలో మీరు ఒకరినొకరు అడగండి, ఎప్పుడైనా ఎవరైనా ఒక్క రూపాయి అలా పంపారా అని. నాకు జవాబు చెప్పక్కర్లేదు.

బోఆఫో తన దగ్గరికి వచ్చిన డబ్బుతో ఏం చేశాడో కూడా చెప్పాలి, లేకపోతే ఇది ఏడుపుగొట్టు కథ అనుకుంటారు. ఫ్యాషన్ సంస్థ డియోర్ 2021 వేసవి మగవాళ్ల దుస్తులు ఇతని బొమ్మల ఆధారంగా చేసింది, డిజైనర్ కిమ్ జోన్స్. అదే ఏడాది ఆగస్టులో అమెజాన్ బెజోస్ గారి అంతరిక్ష కంపెనీ బ్లూ ఆరిజిన్ వాళ్ల న్యూ షెపర్డ్ రాకెట్ క్యాప్సూల్ మీద ఇతను వేసిన మూడు చిత్రాలు అంతరిక్షపు అంచు దాకా వెళ్లొచ్చాయి. వాటిలో ఒకటి తనది, ఒకటి అమ్మది, ఇంకొకటి స్నేహితుడు క్వైకూ వాళ్ల అమ్మది. (రాకెట్ మీద పెయింటింగ్ ఏమిటో, బిలియనీర్ల సరదాలు నాకు అర్థం కావు. అయినా ఇళ్లలో వంట చేసిన ఆవిడ బొమ్మ అంత ఎత్తుకి వెళ్లడం మాత్రం నచ్చింది.) 2022 చివర్లో అక్రాలో సముద్రం దగ్గర డాట్ అటెలియేర్స్ అని మూడంతస్తుల భవనం తెరిచాడు, ఆర్కిటెక్ట్ డేవిడ్ అడ్జాయే డిజైన్ చేశాడు. కుర్ర ఆర్టిస్టులు వచ్చి ఉండి పని చేసుకోవడానికి స్టూడియోలు, పైన గ్యాలరీ. తర్వాత ఓగ్బోజో అనే చోట రచయితలకీ, ప్రదర్శనలు కూర్చే క్యూరేటర్లకీ ఇంకొకటి, ఈసారి మట్టిని దిమ్మిసకొట్టి కట్టిన గోడలతో. 2024లో వియన్నా బెల్వెడేర్ మ్యూజియం ఇతని షో పెట్టింది. క్లిమ్ట్ బొమ్మలుండే బెల్వెడేర్, విద్యార్థిగా ఇతను తిరిగిన ఊళ్లోది.

ఇదంతా గ్యాలరీల్లో మొదటిసారి అమ్మినదాంట్లో తనకొచ్చిన వాటాతో, ఇలాంటి ఒప్పందాలతో చేశాడు. మధ్యలో కొని అమ్మినవాళ్లు ఇచ్చింది ఎంత? నాకైతే కనిపించలేదు.

మీకు నేను ఇచ్చే సలహా బొమ్మలు కొనొద్దని కాదు. కొనండి. మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ నుంచి, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ నుంచి ఏటా పిల్లలు బయటికి వస్తున్నారు. వాళ్లలో చాలామంది రంగులు కొనుక్కోవడానికి పెళ్లిళ్లకి స్టేజీ డెకరేషన్ చేస్తున్నారు, యానిమేషన్ కంపెనీల్లో చేరిపోతున్నారు. వాళ్లకి కొనేవాళ్లు కావాలి. కానీ కొనేముందు స్టూడియోకి వెళ్లండి, స్టూడియో అంటే అద్దెగదే అనుకోండి, వెళ్లి బొమ్మ ముందు కాసేపు నిలబడండి. బేరం ఆడకండి, కార్పెంటర్‌తో కూడా అంత గీచి గీచి బేరం ఆడరు మీరు. ఒకేసారి పది కాన్వాసులు మొత్తానికి ఒక రేటు అని పట్టుకుపోకండి. కనీసం ఐదేళ్లు అమ్మనని మాట ఇవ్వండి, కాగితం మీద రాసివ్వండి. నిజంగా అమ్మాల్సి వస్తే మొదట ఆ ఆర్టిస్టుకో, అమ్మిన గ్యాలరీకో ఫోన్ చేయండి, వాళ్లు తీసుకోలేకపోతే అప్పుడు బయట పెట్టండి. అమ్మాక ఆ పది శాతం ఎవరూ అడక్కుండానే పంపండి. కోర్టు చెప్పేదాకా ఆగక్కర్లేదు, యూపీఐ ఉంది.

గ్యాలరీలు, వేలం సంస్థలు నడిపే మన వాళ్లు కూడా ఇది చదువుతున్నట్టైతే మీకో చిన్న మాట. కమీషన్ బిల్లులో జీఎస్టీ గడి ఉంటుంది కదా, దాని కిందే ఆర్టిస్టు వాటా అని ఇంకో గడి పెట్టండి. పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కొనేవాళ్లు గొడవ చేస్తారని టెన్షన్ పడుతున్నారేమో, ఒకరిద్దరు చేస్తారు, మిగతావాళ్లు కట్టేస్తారు, సర్వీస్ చార్జీలు కట్టే అలవాటు మనకి ఉన్నదే.

"తర్వాతి బోఆఫో ఎవరు" అని మాత్రం ఇకనుంచి నన్ను అడక్కండి, నేను చెప్పను. ఎవరి బొమ్మ బాగుంది అని అడగండి, సాయంత్రం దాకా చెప్తాను. ఈ ఐదేళ్ల మాట, పది శాతం మాట మీద మీకు ఒప్పుకోలు కాని సంగతులుంటే అందరికీ కనిపించేలా రాయండి, అక్కడే తేల్చుకుందాం.

ఇట్లు,
బొమ్మలు చూడడం తప్ప అమ్మడం చేతకాని మీవాడు